ఇన్కొరొనాటా అత్తయ్య విందు

తిండి పెట్టి మనిషిని చంపితే మొంతెసెర్రాలో కేసు లేదు. మిర్తాకు ఆ సంగతి గురువారం మధ్యాహ్నానికే తెలిసిపోయింది.

ముందురోజు సాయంత్రం బస్సు దిగారు ముగ్గురూ. మిర్తా, నెలీదా, ఓల్గా. అర్జెంటీనాలో రొసారియో పట్నపు ఆసుపత్రిలో ఒకే ఆవిరి గదిలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే మనుషులు. రోమ్ చూశారు, నేపుల్స్ చూశారు. ఈ కొండ మీది మొంతెసెర్రాలో ఒక్క రాత్రి ఆగి, మిర్తా నాయనమ్మ పుట్టిన ఇల్లు చూసి, పొద్దున్నే సముద్రం వైపు పోవాలని అనుకున్నారు. ఆ ఆలోచన ఇన్కొరొనాటా అత్తయ్య గుమ్మం దగ్గరే పడిపోయింది. సూట్‌కేసులు ఆమె చేతులతో మేడ మీదికి వెళ్లిపోయాయి.

నాయనమ్మ తమ్ముడి కొడుకు దొనాతో, మిర్తాకు మామయ్య వరస. ఇన్కొరొనాటా ఆయన భార్య. ఆ ఇంట్లో మామయ్య టీవీ చూస్తాడు. మిగతావన్నీ అత్తయ్య చూస్తుంది.

"తిను. ఏం తిన్నావని," అంటూ ఆమె మిర్తా కంచంలో మూడోసారి పాస్తా గుమ్మరించింది. పైన వేయించిన ఎండు మిరపకాయలు పొడిగా నలిపి చల్లింది. "అక్కడ మీకు తిండి లేనట్టుంది. చెంపలు చూడు, ఎలా లోపలికి పోయాయో."

మిర్తా చెంపలు లోపలికి పోయి ఎరగవు. నెలీదా బెల్టు ఒక కన్నం వదులు చేసుకుంది. ఓల్గా బల్ల కింద మిర్తా కాలు తొక్కింది.

"వద్దనడానికి ఏమనాలో చెప్పవే," అంది స్పానిష్‌లో. వాళ్లిద్దరికీ అదే వచ్చు. ఈ ఊరి యాస మిర్తాకు నాయనమ్మ నోటి నుంచి వచ్చింది.

"ఏమన్నా ఒకటే. వద్దంటే మర్యాదకు అంటున్నామనుకుంటారు. గట్టిగా వద్దంటే వంట బాగాలేదనుకుంటారు. చచ్చిపోతున్నామంటే నీరసం అనుకుని ఇంకో ముక్క వేస్తారు."

బల్ల చుట్టూ ఏడు కుర్చీలున్నాయి. ముగ్గురు అతిథులు, మామయ్య, అత్తయ్య, వాళ్ల కొడుకు వితో. ఏడో కుర్చీలో రొట్టెల బుట్ట కూర్చుంది. వితో భార్య రోజాల్బా కూర్చోలేదు. పొయ్యికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఎవరి గ్లాసు ఖాళీ అయితే వాళ్ల భుజం పక్కన ప్రత్యక్షమవుతోంది. ఆమె తిన్నదల్లా గిన్నె అడుగున అంటుకున్నది, అదీ గరిటెతో, నిలబడే, వీపు అటు తిప్పి.

మిర్తా రొసారియోలో యూనియన్ మనిషి. ఆవిరి గదిలో ఫ్యాన్ల కోసం రెండు రోజులు మిషన్లు ఆపించింది. డైరెక్టర్ గదిలో బల్ల గుద్ది మాట్లాడిన నోరు అది. ఆ నోటిని ఇక్కడ పాస్తాతో నింపేశారు. ఇక ఉండబట్టలేక లేచి నాలుగు కంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

అత్తయ్య మెరుపులా వచ్చి ఆ దొంతర లాక్కుంది. "ఏం చేస్తున్నావమ్మా? అతిథి చేతులు నీళ్లల్లో తడిస్తే ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను? రోజాల్బా, ఎక్కడ చచ్చావే? చుట్టాలు కంచాలు ఎత్తుకుంటున్నారు."

రోజాల్బా వచ్చి కంచాలు తీసుకుంది. మిర్తా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. చేసిన సాయం చాలు, ఇక కూర్చో అన్నట్టుంది.

సాయంత్రం వీధిలోకి కుర్చీలు వచ్చాయి. ఆడవాళ్లంతా వరుసగా కూర్చుని ఊలు అల్లుతున్నారు. పక్క గుమ్మం ముందు ఒక్క కుర్చీ మాత్రం వీధికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి ఉంది. నల్ల బట్టల్లో ఒక బక్క మనిషి గోడనే చూస్తూ చిక్కుడుకాయలు వలుస్తోంది.

"అటు చూడకు," అంది అత్తయ్య.

"ఎవరావిడ?"

"ఎవరూ కాదు."

ఎవరూ కాని ఆవిడ జెరార్దా, దొనాతో మామయ్య చనిపోయిన తమ్ముడి భార్య. మిర్తాకు చిన్నత్తయ్య. మామయ్య తల్లి పోయినప్పుడు, పొయ్యి వెలగని ఆ ఇంటికి మొదటి భోజనం తెచ్చి పెట్టే హక్కు జెరార్దాది. ఇన్కొరొనాటా తన పుట్టింటివాళ్లు తెచ్చిన గిన్నెను ముందు బల్ల మీద పెట్టించింది. జెరార్దా తన గిన్నెను తీసుకెళ్లి నడివీధిలో కుక్కలకు వంచి, తలుపేసుకుంది. ఏళ్లు గడిచాయి. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు ఇటువైపు దగ్గినా అటు వినిపిస్తుంది. మాట మాత్రం లేదు. ఇదంతా పళ్లు తోముకుంటూ వితో చెప్పాడు, వాతావరణం గురించి చెప్పినట్టు.

శుక్రవారం పొద్దున్నే మిర్తా కాఫీ కోసం వంటగదిలోకి వెళ్లేసరికి రోజాల్బా బల్ల నిండా పిండి పరిచి నిలబడి ఉంది. పిండి ముద్దను తాడులా సాగదీసి, వేలెడు ముక్కలు కోసి, ఒక్కో ముక్క మీద సన్నటి ఇనుప పుల్ల అదిమి, రెండు అరచేతులతో ముందుకు ఒక్క దొర్లింపు దొర్లిస్తుంది. పిండి పుల్ల చుట్టూ గొట్టంలా చుట్టుకుంటుంది. పుల్ల లాగేస్తే గొట్టం గుడ్డ మీద పడుతుంది. కళ్లు పని మీద లేవు. పెదాలు కదులుతున్నాయి. జపం చేసుకుంటోందనుకుంది మిర్తా.

"పడకపుండుకి నాలుగు దశలు," అంటోంది రోజాల్బా. "మొదటిది, చర్మం ఎర్రబడతది, వేలితో నొక్కినా తెల్లబడదు. రెండోది..."

"పొక్కు," అంది మిర్తా.

రోజాల్బా పుల్ల ఆగింది. "మీకెలా తెలుసు అక్కా?"

"పుండు వాళ్ల ఒంటి మీద. దుప్పటి నా చేతుల్లో. ఇరవై ఏళ్ల నించి ఉతుకుతున్నా. మూడోది చెప్పు."

"కొవ్వు కనిపిస్తది. నాలుగోది ఎముక."

"ఎందుకీ పాఠం?"

రోజాల్బా తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "రేపు పొతెన్సాలో పరీక్ష. జిల్లా ఆసుపత్రిలో రోగుల్ని చూసుకునే ఉద్యోగం. కోర్సు పూర్తి చేసి కూర్చున్నా. ఆరేళ్లకి ఇప్పుడు పెట్టారు పరీక్ష. ఇది పోతే మళ్లీ ఎప్పుడో ఆ మడోన్నా తల్లికే తెలియాలి."

"పర్మనెంటా?"

"పర్మనెంటు," అంది రోజాల్బా. ఆ మాట అన్నప్పుడు మొహంలో ఏదో వెలిగింది. అంతలోనే చేతులు మళ్లీ దొర్లించడం మొదలుపెట్టాయి. "నా పేరుతో జీతం అక్కా. నా పేరుతో. చెప్పులు కొనుక్కోవాలన్నా అత్తయ్య దగ్గర చెయ్యి చాపక్కర్లేదు."

మిర్తా కాఫీ పోసుకుని ప్రశ్నలు అడగసాగింది. ముసలాయన్ని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి. జ్వరం ఎంత ఉంటే నర్సును పిలవాలి. రోజాల్బా తడుముకోకుండా చెప్పింది. ఒక్కో జవాబుకు ఒక్కో గొట్టం గుడ్డ మీద పడుతోంది. గుడ్డ నిండిపోయి రెండో గుడ్డ పరిచేసరికి మిర్తాకు అనుమానం వచ్చింది.

"ఇంత పాస్తా ఎవరికి?"

"మీకే. రేపు మధ్యాహ్నం విందు. మీకు చెప్పలేదా? ముప్పై మంది వస్తున్నారు. ఫాదర్ గారు కూడా."

"రేపు నీకు పరీక్ష కదా."

రోజాల్బా పిండి అంటిన రెండు చేతులూ ఎత్తి చూపించింది. మిర్తా కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. తన పేరు చెప్పి, తన రక్తం పేరు చెప్పి, తను ఒక్కసారి కూడా అడగని విందు కోసం ఈ మనిషి ఉద్యోగాన్ని పిండిలో కలిపేస్తున్నారు.

అత్తయ్య కోళ్లకు గింజలు వేసి అప్పుడే లోపలికొచ్చింది. మిర్తా నేరుగా అడిగింది. "అత్తయ్యా, రేపు రోజాల్బాకు పరీక్ష అంట. విందు మానేద్దాం."

"మేకపిల్లను కోశాంగా."

"అయితే మేం వండుతాం. ముగ్గురం ఉన్నాం. ఆవిణ్ని వెళ్లనీ."

అత్తయ్య నిజంగానే నవ్వింది. "చుట్టాల చేత వంట చేయించి ఊరికి పెట్టిందంట ఇన్కొరొనాటా. బాగుంటది చెప్పుకోవడానికి." తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఆ పరీక్షకి మూడు వేల మంది వస్తారంట. అందర్నీ తోసేసి ఈమెగారికే ఇస్తారా కుర్చీ? పరీక్షలు మళ్లీ వస్తాయి. మన రక్తం అర్జెంటీనా నించి మళ్లీ వస్తదా?"

మిర్తా పెరట్లోకి వెళ్లింది. వితో కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడింది. "నీ పెళ్లానికి రేపు పరీక్ష. తెలుసా?"

"తెలుసు వదినా," అన్నాయి కాళ్లు.

"మరి?"

"అమ్మ సంగతి మీకు తెలీదు వదినా."

"తెలుస్తోంది. నీ సంగతి కూడా తెలుస్తోంది."

కాళ్లు ఇంకొంచెం లోపలికి జరిగాయి. టీవీ ముందున్న మామయ్యను అడిగితే, ఆయన శబ్దం కాస్త పెంచాడు.

సరే. చుట్టాలు ఉంటేనే కదా విందు. మిర్తా మేడ మీదికి వెళ్లి సూట్‌కేసులు సర్దమంది. ఓల్గా ఎగిరి గంతేసింది. ఆమెకు సముద్రం చూడాలని మొదటి నుంచీ ఉంది. ముగ్గురూ మెట్లు దిగారు. "అత్తయ్యా, ఇవాళే బయలుదేరతాం. పనుంది," అంది మిర్తా.

అత్తయ్య మిర్తా వైపు చూడనే లేదు. నేరుగా వంటగదిలోకి వెళ్లింది. "ఏమన్నావే వాళ్లతో? పొద్దున్నించీ గుసగుసలాడుతున్నావు. ఏం చెప్పి తరిమావు? ఇంటికొచ్చిన చుట్టాలు మూతి ముడుచుకుని పోతున్నారంటే, ఏ నోరు ఏం కక్కిందో నాకు తెలీదా?"

"నేనేం అనలేదు అత్తయ్యా."

"నీ మొహం చెప్తోంది. నువ్వు ఈ ఇంటికి వచ్చిన రోజునించీ మనుషులు రావడం తగ్గిపోయింది."

రోజాల్బా పిండి చేతులతోనే గడప దాకా వచ్చింది. అత్తయ్య అటు తిరగగానే మిర్తా చెవి దగ్గర అంది. "మీకు దండం పెడతాను అక్కా, నాకు సాయం చెయ్యకండి. మీరు పోతారు. ఇక్కడ ఉండేది నేను."

సూట్‌కేసులు మళ్లీ మేడెక్కాయి. ఓల్గా ఏడ్చినంత పని చేసింది. మిర్తా మంచం మీద కూర్చుని కిటికీలోంచి ఎదురింటి పెంకులు చూస్తూ ఉండిపోయింది. యాజమాన్యంతో పేచీ పెట్టుకున్నప్పుడు మొదటి సూత్రం ఒకటుంది. దెబ్బ ఎవరి మీద పడుతుందో చూసుకుని అడుగు వెయ్యాలి. తను చూసుకోలేదు. ఎటు నుంచి కదిలినా దెబ్బ పోయి రోజాల్బా మీదే పడుతోంది. విందు ఆగాలి. ఆగిన పాపం రోజాల్బాకు అంటకూడదు. మామూలు మనిషి చేసే తప్పు చాలదు. ఈ ఊరు క్షమించని తప్పు చెయ్యాలి, అదీ తన నోటితో, అందరూ వింటుండగా.

"ఏం ఆలోచిస్తున్నావు?" అంది నెలీదా.

మిర్తా చెప్పింది.

నెలీదా చాలాసేపు తల గోక్కుంది. "నీకు సెలవుల్లో కూడా సమ్మె కావాలి. సరే, నన్నేం చెయ్యమంటావు?"

"నా పక్కన నిలబడు. నవ్వకు."

ఆ సాయంత్రం వీధిలో కుర్చీలన్నీ నిండాయి. మర్నాటి విందుకు పిలుపులందుకున్న వాళ్లే సగం మంది. అత్తయ్య మధ్యలో కూర్చుని మేకపిల్ల ఎన్ని కిలోలు తూగిందో అడిగించుకుని మరీ చెబుతోంది. రోజాల్బా వెనక నిలబడి బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. మిర్తా, ఆమె వెనక నెలీదా, ఓల్గా గుమ్మం దిగి, అందరి ముందు నుంచీ నడిచి, గోడవైపు తిరిగిన ఆ ఒంటరి కుర్చీ దగ్గర ఆగారు.

"చిన్నత్తయ్యా," అంది మిర్తా.

జెరార్దా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ఎన్నేళ్లయిందో ఆ వీధిలో ఎవరూ ఆమెను ఆ పిలుపుతో పిలవక.

"నేను దొమేనికా మనవరాల్ని. రేపు మధ్యాహ్నం మేం ముగ్గురం నీ ఇంట్లో భోంచేస్తాం. ఇవాళ రాత్రికి పడక కూడా ఇస్తే మంచిది."

వీధిలో ఊలు సూదులు ఆగాయి. జెరార్దా నెమ్మదిగా కుర్చీ తిప్పింది. మిర్తాను చూసింది, ఆమె భుజం మీదుగా ఇన్కొరొనాటాను చూసింది. "పెద్దింట్లో రేపు విందంటున్నారుగా," అంది.

"ఉంది. నాకు అక్కడ తినాలని లేదు." తర్వాతి మాట చెప్పడానికి మిర్తాకు డైరెక్టర్ ముందు బల్ల గుద్దడం కంటే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. "అత్తయ్య వంటలో ఉప్పు ఎక్కువ. సీసాల్లో పట్టి దాచుకునే ఆ టొమాటో గుజ్జు చేదుగా ఉంటోంది. మొన్నటినించి కడుపు బాగాలేదు."

ఎవరో "యేసయ్యా" అన్నారు. అత్తయ్య లేచింది. మొహం ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా మారింది. తిడుతుందనుకుంది మిర్తా. తిట్టలేదు.

"నా టొమాటోనా," అంది, మామూలు గొంతుతో. ఆ గొంతు వినగానే మిర్తాకు అరుపే నయమనిపించింది. "నా టొమాటో చేదా?"

"అవును."

"మీ నాయనమ్మ ఈ గుమ్మంలోంచి అర్జెంటీనాకు పోయేటప్పుడు మా అత్తగారు తన చెవి కమ్మలు తీసి ఇచ్చింది. వాటికి ఇదా నువ్వు తెచ్చిచ్చింది?"

ఆ మాట నిజమే. కమ్మలు రొసారియోలో ఆమె సొరుగులోనే ఉన్నాయి.

అత్తయ్య తన కుర్చీ మడిచి చంకన పెట్టుకుంది. "దొనాతో," అని లోపలికి కేక వేసింది. "టీవీ ఆపు. చొక్కా తొడుక్కో. ఇంటింటికీ వెళ్లి చెప్పు, రేపు విందు లేదని. ఎందుకు లేదంటే, అర్జెంటీనా వాళ్లకి సిగ్గు లేదని చెప్పు. అదే మాట చెప్పు, ఫాదర్ గారికి కూడా."

ఎన్నో ఏళ్ల తర్వాత మామయ్య టీవీ ఆపాడు.

అత్తయ్య వెనక రోజాల్బా బంగాళాదుంపల గిన్నెతో లోపలికి వెళ్లింది. మిర్తా వైపు చూడలేదు. కాసేపటికి మూడు సూట్‌కేసులూ గుమ్మం బయట వరుసగా నిలబడి ఉన్నాయి, తలుపు మూసి ఉంది.

శనివారం తెల్లారుతుండగా జెరార్దా మేడ గదిలో మిర్తాకు మెలకువ వచ్చింది. గోడ అవతలి నుంచి గొంతులు వినిపిస్తున్నాయి.

"అత్తయ్యా, ఆ మాంసం?"

"నా నెత్తిన పెట్టుకుంటాను. నీకెందుకు?" గిన్నె ఒకటి ఠపీమని బల్ల మీద పడింది. "ఇంక ఎవరి కోసం వండుతావు? ఇంట్లో నిలబడి ఏం చేస్తావు? పో. ఆ పరీక్షేదో రాసి తగలడు. నా కళ్ల ముందు మాత్రం ఉండకు ఇవాళ."

తలుపు చప్పుడైంది. మిర్తా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు, చేతిలో బూట్లు, కాళ్లకు పాత చెప్పులు. రోజాల్బా రాళ్ల వీధిలో బస్సు వైపు దాదాపు పరిగెత్తుతోంది. వితో వెనక రెండడుగులు నడిచి, ఆగి, చెయ్యి సగం ఎత్తి, మళ్లీ దించి, ఇంట్లోకి వెళ్లిపోయాడు.

"వెళ్లింది," అంది మిర్తా.

"హమ్మయ్య," అంది దుప్పటిలోంచి నెలీదా. "మరి ఇవాళ మన తిండి సంగతి?"

తిండి సంగతి ఘోరంగా జరిగింది. జెరార్దా తెల్లవారుజాము నుంచే పొయ్యి దగ్గర ఉంది. ఆమె బల్ల దగ్గర ఇన్నేళ్లుగా తిన్నది ఆమె ఒక్కతే. పరాయివాళ్లకు వండే కొలత చెయ్యి మర్చిపోయింది. పాస్తా ముద్దయింది. చిక్కుళ్లు పలుకుగా ఉన్నాయి. ఉప్పు ఎంత పడిందంటే ఓల్గా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎట్లా ఉంది?" అంది జెరార్దా. మంచి మేజోళ్లు వేసుకుంది. జుట్టుకు నీళ్లు రాసి దువ్వుకుంది. కిటికీ బార్లా తెరిచి పెట్టింది, వీధికి వినపడాలని.

"అమృతం," అంది మిర్తా గట్టిగా.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయింది చిన్నత్తయ్యా."

"నాకు తెలుసు. నిన్ను చూడగానే అనుకున్నా, ఈ పిల్లకి నాలుక ఉందని." ఇంకో గరిటె పడింది. "ఆవిడ టొమాటో ఎప్పుడూ చేదే. ఇన్నేళ్లూ చెప్పడానికి ఒక్క మగాడికి దమ్ము లేకపోయింది. ఇంకోసారి చెప్పు, నిన్న ఏమన్నావు?"

మిర్తా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. జెరార్దా కళ్లు మూసుకుని విన్నది. ఈ ముసలామె ఇదంతా నిజమని నమ్ముతోంది, తన వంటను కోరి వచ్చారని నమ్ముతోంది. దాంతో ఉప్పు కంటే ఎక్కువ ఇబ్బందిగా ఉంది మిర్తాకు. ఒకరిని విడిపించడానికి ఇద్దరు ముసలివాళ్లను వాడుకుంది. ఒకరిని దెబ్బతీసి, ఒకరిని మోసం చేసి. ఇంతకంటే మంచి దారి ఉందేమో తనకు తెలీదు. తెలిసినవాళ్లు వచ్చి చెప్పొచ్చు. ఆ గరిటె కూడా తినేసింది. కంచం తియ్యబోతే జెరార్దా చేతి మీద కొట్టింది. "అతిథివి. కూర్చో." మిర్తా ఈసారి కూర్చోలేదు. కంచాలన్నీ తొట్టెలో వేసి చొక్కా చేతులు మడిచింది. నెలీదా తుడుపుగుడ్డ అందుకుంది. జెరార్దా కేకలు వేసింది, గొణిగింది, చివరికి కుర్చీలో కూలబడి, ఆ ఇద్దరి వీపులూ చూస్తూ ఊరుకుంది.

సాయంత్రం బస్సు వచ్చే వేళకు మిర్తా గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. పొట్ట రాయిలా ఉంది. వీధి కుర్చీలు నిండాయి. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. పక్కింటి తలుపు మూసే ఉంది గాని కిటికీ రెక్క ఒకటి వేలెడు తెరిచి ఉంది. దాని వెనక ఎవరున్నారో వీధికంతటికీ తెలుసు.

రోజాల్బా మలుపు తిరిగింది. కాళ్లకు మంచి బూట్లే ఉన్నాయి, పాత చెప్పులు చేతిసంచిలోంచి తొంగిచూస్తున్నాయి. జాకెట్టు మీద, ఎడమ పక్కన, పరీక్ష హాల్లో అంటించిన అంకెల చీటీ ఇంకా ఉంది. దాన్ని పీకెయ్యడం మర్చిపోయిందో, పీకబుద్ధి కాలేదో. మొహం అలసిపోయి ఉంది. నడక మాత్రం నిన్నటి నడక కాదు. మిర్తా తనకు తెలియకుండానే లేచి నిలబడింది. రాశావా అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది.

రోజాల్బా ఆమె ముందు ఆగింది. వీధి మొత్తం ఆగింది.

"మా అత్తయ్య మూడు రోజులు పొయ్యి ముందు నిలబడి మీకు వండి పెట్టింది," అంది రోజాల్బా, కిటికీ దాకా వినపడేట్టు. "ఆ చేతి వంటకు వంక పెట్టిన నోటితో నాకు మాటల్లేవు. మా గుమ్మం ఇంకోసారి తొక్కొద్దు. మీ నాయనమ్మ పేరు చెప్పుకుని ఇంకో ఇంట్లో తినండి."

పొయ్యి ముందు నిలబడింది ఎవరో ఇద్దరికీ తెలుసు. రోజాల్బా కళ్లు మిర్తా కళ్లలోంచి కదల్లేదు. చెయ్యి ఒకసారి పైకి వచ్చి, అంకెల చీటీని జాకెట్టుకు ఇంకొంచెం గట్టిగా అదిమింది.

మిర్తా తల దించుకుంది. అందరూ చూసేట్టు దించుకుంది.

కుర్చీల్లో ఎవరో మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నారు. రోజాల్బా తలెత్తుకుని నడిచి వెళ్లింది. ఆమె తట్టకముందే పక్కింటి తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.

నెలీదా జెరార్దా గుమ్మంలోంచి తల బయట పెట్టింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంది అంతసేపు?"

"పరీక్ష బాగా రాశానంది," అంది మిర్తా.